పై వరస పప్పు పొట్లాలు

శ్రీ వైభవ రెసిడెన్సీలో వంటింటి వాసనలు రోజూ పొద్దున్నే మెట్లు దిగి, వాచ్‌మన్ గది ముందు వరసగా నిలబడి హాజరు వేయించుకుంటాయి. లిఫ్టు ఎక్కడానికి వాటికి అనుమతి లేదు. ఒకసారి లిఫ్టెక్కిన వాసన సాయంత్రం దాకా దిగదని అసోసియేషన్ వారి అనుభవం. గంట మోగగానే ఏ ఫ్లాటు వాసన ఆ ఫ్లాటు నుంచి బయల్దేరుతుంది. ఇంగువ అందరికంటే ముందు వస్తుంది, ఆవిడకి కుర్చీ కూడా వేస్తారు. ఫిల్టర్ కాఫీ సన్నటి పెద్దమనిషి, కండువా సర్దుకుంటూ వచ్చి వాచ్‌మన్ దగ్గర పేపరు అడిగి తీసుకుంటాడు. రెండో అంతస్తు ఆమ్లెట్ నుదుట విభూది పెట్టుకుని ఉప్మా పక్కన నిలబడుతుంది. దాని సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ ఫ్లాటువారిది సొంత ఇల్లు, పైగా లిఫ్టు బాగుచేయించినప్పుడు ఆ పని మీద అందరికంటే ఎక్కువ తిరిగింది వాళ్ళే, కాబట్టి ఎవరూ ఆ నుదుటి వంక తేరిపార చూడరు.

ఈ పద్ధతి పెట్టింది కార్యదర్శి పార్థసారథి గారు. ఆయన చాలా మర్యాదస్తుడు. అద్దెకి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మీరేమిట్లు, మీరేం తింటారు అని అడగడం సభ్యత కాదని ఆయన నమ్మకం. మనుషుల్ని ఇబ్బంది పెట్టడం దేనికి, వాసనల్ని పిలిచి చూసుకుంటే పోలేదా అన్నాడు. సర్వసభ్య సమావేశం చప్పట్లు కొట్టింది. ఆదివారం మాత్రం సెలవు. ఇక ఫోను మీద తెప్పించుకునే బిర్యానీ వాసనలు విజిటర్ల కిందికి వస్తాయి. వాళ్ళు గేటు దగ్గర పేరు చెప్పి, పైకి వెళ్ళి, పని చూసుకుని వెళ్ళిపోతారు. విజిటర్లకి హాజరు లేదు. పార్థసారథి గారింటికి కూడా, శనివారాలు తప్పించి, అలాంటి విజిటర్లు వస్తూనే ఉంటారు.

నాలుగో అంతస్తులో అద్దెకుండే ప్రసన్నకుమార్, చేరేటప్పుడు తన ఇంటి వాసన 'చారు' అని చెప్పాడు. చెప్పాడు కాబట్టి రోజూ చారు కాచాలి. తిన్నా తినకపోయినా పొద్దున్నే ఆయన భార్య సునీల గిన్నెడు చారు పొయ్యి మీద పెడుతుంది, అందులోంచి ఒక వాసన లేచి, చెప్పులు వేసుకుని కిందికి వెళుతుంది. మామూలుగా ఏ వాసనకైనా ఆ ఇంట్లో ఆ వంటని మొదలుపెట్టిన మనిషి పోలిక వస్తుంది. మూడో అంతస్తు సాంబారు అచ్చం వాళ్ళ తెనాలి అమ్మమ్మలా ఉంటుంది, చెవుల దుద్దులతో సహా. ప్రసన్నకుమార్ ఇంటి చారుకి ఎవరి పోలికా లేదు. సునీల దాన్ని ఫోనులో చూసి నేర్చుకుంది మరి. ముక్కూ మొహమూ తేలకుండా వచ్చి, పిలిస్తే ఊ అని వెళ్ళిపోతుంది. పార్థసారథి గారు ఒకసారి దాన్ని ఎగాదిగా చూసి, "పాపం, ఒంట్లో బాగుండదేమో," అని ఊరుకున్నాడు.

ప్రసన్నకుమార్ బీమా కంపెనీలో ఉద్యోగి. తలవంచుకుని నడిచే మనిషి. ఈ ఫ్లాటుకి ముందు ఇళ్ళు మారీ మారీ విసిగిపోయాడు. ఎక్కడా ఎవరూ పొమ్మని గట్టిగా అనలేదు. ఒక ఇంటాయన కూతురు వస్తోందన్నాడు. ఇంకొకాయన సున్నాలు వేయించాలన్నాడు. మూడో ఆయన భుజం మీద చెయ్యి వేసి మరీ, "మీ వాళ్ళుండే వైపైతే మీకే సౌకర్యంగా ఉంటది గదా, ఆలోచించుకోండి," అన్నాడు. ఇల్లు మారిన ప్రతిసారీ కూతురు హర్షిణి బడి మారింది. ఇప్పుడు ఐదో తరగతికి వచ్చాక, ఈ అపార్ట్‌మెంటులోనే, ఆ పిల్లకి కొందరు స్నేహితులు దొరికారు. సాయంత్రమైతే కిందనుంచి పేరుపెట్టి పిలుస్తారు. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ప్రసన్నకుమార్ చేస్తున్న పని ఆపేసి వింటాడు. ఈ ఇల్లు పోతే ఆ పిలుపు పోతుంది. అందుకే నెల మొదట్లో అద్దె కట్టినట్టే, రోజూ పొద్దున్నే చారు కట్టేవాడు.

ఇలా ఉండగా బడిలో ఒక ప్రకటన వచ్చింది. సోమవారం నాడు పిల్లలందరూ తమ ఇంటి సంప్రదాయ వంట డబ్బాలో పెట్టుకుని రావాలి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. హర్షిణి బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, "నాయనమ్మ క్యాబేజీ పొట్లాలు," అంది.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ప్రసన్నకుమార్ తల్లి దీనమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో డ్యూటీకి దగ్గరని, పేరున్న పేటలో ఒక పెద్దింటి వెనక గది అద్దెకి తీసుకుంది. ఆ ఇంటావిడ మంచిదే. కాకపోతే రోజూ ఏదో వంకన వచ్చి, "ఏం వండావమ్మాయ్?" అంటూ గిన్నె మీద మూత తీసేది. అప్పటికి పిల్లాడైన ప్రసన్నకుమార్ ఆదివారం వచ్చిందంటే మాంసం కోసం మొహం వాచేవాడు. దీనమ్మ ఆలోచించి ఆలోచించి, ఖీమాని క్యాబేజీ ఆకుల్లో పెట్టి పొట్లాలు చుట్టింది. వాటి మీద ఒక వరస పెసరపప్పు ముద్ద పెట్టిన పొట్లాలు పేర్చింది. ఇంటావిడ మూత తీస్తే పై వరస కనబడేది. ఒకటి చేతిలో పెడితే తిని, "క్యాబేజీకి ఇంత రుచి ఎట్టా వచ్చిందే!" అని ఆశ్చర్యపోయేది. కింద ఉడికే ఖీమా రసమంతా పైకే వచ్చేది గదా, రాదూ మరి!

ఆ తరువాత దీనమ్మ వేరే ఇళ్ళకి మారింది, మూత తీసేవాళ్ళు లేని ఇంట్లో కూడా ఉంది. అయినా పై వరస పప్పు పొట్లాలు పేర్చడం మానలేదు. పండక్కీ పబ్బానికీ, పిల్లాడు పాసైనప్పుడూ, పెళ్ళిచూపులకీ అదే వంట, అదే పేర్పు. కోడలు వచ్చాక కోడలికి అలాగే నేర్పింది. పైన పప్పెందుకు అని సునీల అడగలేదు, ఇలాగే చెయ్యాలి కాబోలనుకుంది. తాతముత్తాతల నాడు పుట్టిన వంట కాదది, భయపడి చేసిన వంట. అన్నేళ్ళు భయపడితే అదే సంప్రదాయమైంది. దీనమ్మ పోయాక, ఈ ఫ్లాటుకి వచ్చాక, ఒక్కసారి కూడా చెయ్యలేదు.

"అన్నీ పప్పువే చేసి పంపిద్దామండీ. గొడవుండదు," అంది సునీల.

"కింద ఖీమా లేందే పైన పప్పుకి ఆ రుచి రాదే," అన్నాడు ప్రసన్నకుమార్. కూతురి కోసమే అన్నట్టు అన్నాడు గానీ, ఆ మాట అంటుంటే ఆయన నోట్లో నీళ్ళూరాయి. "ఆదివారం హాజరు లేదు గదా. తలుపులేసి చేద్దాం. తెల్లారేసరికి పోద్దిలే."

ఆదివారం మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళకి పని మొదలుపెట్టారు. ప్రసన్నకుమార్ ఖీమాని పుస్తకాల సంచిలో పెట్టుకుని తెచ్చాడు. సునీల కిటికీలు వేసి, తలుపుకింద తడి తువాలు దూర్చింది. క్యాబేజీ గట్టిగా బిగుసుకున్నది కాకుండా కాస్త వదులుగా, చదునుగా ఉన్నది తేవాలని దీనమ్మ చెప్పేది. సునీల దాని మొదలు లోతుగా కోసి తీసేసి, ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో బోర్లించింది. ఆకులు ఒక్కొక్కటే వదిలి పైకి వచ్చాయి. వాటిని గరిటెతో తీసి, వెనక లావుగా ఉండే ఈనెని కత్తితో చెక్కింది. చెక్కకపోతే ఆకు మడత వినదు, చుట్టేటప్పుడు పుటుక్కున విరిగిపోతుంది.

ఖీమాలో సగం ఉడికిన బియ్యం, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, గసగసాలు కలిపి, హర్షిణి నిమ్మకాయంత ముద్దలు చేసింది. ప్రసన్నకుమార్ చొక్కా చేతులు మడిచి చుట్టడానికి కూర్చున్నాడు. ఆకు మొదట్లో ముద్ద పెట్టి, అటూ ఇటూ అంచులు లోపలికి మడిచి, చాపలా చుట్టడం. చివరి అంచు కిందికి వచ్చేలా గిన్నెలో పేర్చడం. చిరిగిన ఆకులు అడుగున పరిచారు. కింది వరసలు ఖీమా, పై వరస పప్పు. చింతపండు, టమాటా కలిపిన పలచటి పులుసు పోసి, మీద పళ్ళెం బోర్లించి, కదలకుండా పచ్చడి బండ పెట్టి, సన్న సెగ మీద వదిలారు. ముగ్గురూ చాలాకాలానికి ఒకచోట కూర్చుని నవ్వుకున్నారు.

పులుసు ఉడుకు పట్టాక గిన్నెలోంచి వాసన లేచింది. వాయిలు చీర, బిగించి చుట్టిన ముడి, నర్సులకి ఉండే పొట్టి గోళ్ళు. లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, గ్యాసు బండ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అచ్చం దీనమ్మే. వాసన కదా, అలాగే ఉంటుంది. హర్షిణి మాత్రం "నాయనమ్మా!" అని వెళ్ళి ఒళ్ళో పడింది. చిన్నప్పుడంతా ఆమె పక్కలోనే పడుకున్న పిల్ల. వాసన పిల్ల తల నిమిరి, మూత వంక చూసి, "పులుసు ఇంకాస్త దగ్గరపడాలి," అంది.  తల్లిని చూసినందుకు సంతోషించాల్సిన ప్రసన్నకుమార్ లేచి వెళ్ళి కిటికీ గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు.

ఆ పూట కడుపునిండా తిన్నారు. పై వరసవి బడికోసం విడిగా తీసిపెట్టారు. పడుకోబోయే ముందు ప్రసన్నకుమార్ తల్లి మొహం చూడకుండా, "తెల్లారేలోపు..." అన్నాడు.

"వెళ్తాలే నాయనా. నాకు తెలవదా," అంది.

కానీ ఖీమా వాసన అంత తేలిగ్గా పోయేది కాదు. సోమవారం పొద్దున్న గంట మోగేసరికి ఇంట్లోనే ఉంది. గంట మోగితే దిగాలి, అది వాసనలకి పుట్టుకతో వచ్చిన గుణం, వాటి ఇష్టాయిష్టాలతో పనిలేదు. తువాలు దాటుకుని, చెప్పుల్లేకుండా, చారు వెనకాలే నాలుగంతస్తులూ దిగి వరస చివర నిలబడింది.

ఇంగువ కుర్చీ జరుపుకుంది. సాంబారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరికంటే ముందు "ఎవరీవిడ?" అని గట్టిగా అడిగింది ఆమ్లెట్.

పార్థసారథి గారు కళ్ళద్దాలు తుడుచుకుని వచ్చాడు. "ఏ ఫ్లాటమ్మా?" అన్నాడు మర్యాదగా. ఆమె చేతులు కట్టుకుని నవ్వి ఊరుకుంది. రెండుసార్లు అడిగి చూసి, ఆయన ఫ్లాటులవారందర్నీ కిందికి రమ్మని కబురు పెట్టాడు. అభ్యంతరమేమీ లేదు, వివరాల కోసమే అని చెప్పించాడు. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు హెల్మెట్లతో, ఆడవాళ్ళు తడి చేతులతో దిగారు. ఆయన ఒక్కొక్కరినీ "మీదేమోనండీ?" అని అడుగుతూ వస్తున్నాడు. అందరూ కాదంటున్నారు, అంటూ మెట్ల వైపు చూస్తున్నారు. మెట్ల దగ్గర ప్రసన్నకుమార్, ఆయన వెనక సునీల, ఆమె పక్కన యూనిఫాంలో, చేతిలో డబ్బాతో హర్షిణి నిలబడి ఉన్నారు.

"మీదేమోనండీ ప్రసన్నకుమార్ గారూ?"

ఆయన వరస చివర నిలబడ్డ ఆమె వైపు చూశాడు. మొహం వైపు కాదు, పాదాల వైపు. సిమెంటు నేల మీద ఆ పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి, ఎవరింటికైనా వెళ్ళినప్పుడు దీనమ్మ గుమ్మం దగ్గర నిలబడే పద్ధతి అది.

"మాది కాదండీ," అన్నాడు. మాట సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ అన్నాడు. "మాది చారు గదండీ."

అప్పటిదాకా నోరు విప్పని వాసన అప్పుడు మాట్లాడింది. "అవునయ్యగారూ, ఆ బాబుది కాదు. నేనే ఇల్లు తెలవక వచ్చాను."

తల్లి తన అబద్ధానికి సాక్ష్యం చెప్పాక కొడుకుకి నిలబడడానికి నేల మీద చోటు లేకపోయింది.  అయినా నిలబడ్డాడు. నిలబడడం ఆయనకి అలవాటే.

పార్థసారథి గారికి అన్నీ అర్థమయ్యాయి. అర్థమైనట్టు కనబడితే ఎదుటివాడు ఇబ్బంది పడతాడని ఆయన కనబడనివ్వలేదు. నియమాల ప్రకారం ఎవరిదీ కాని వాసనని గేటు బయట వదిలి రావాలి. "మీరెట్టాగూ ఆఫీసుకి పోతున్నారు గదా, కాస్త బండి మీద తీసుకెళ్ళి దూరంగా దింపెయ్యండి. శ్రమనుకోకండి," అన్నాడు. ప్రసన్నకుమార్ శ్రమేం లేదన్నాడు.

బండి మీద ఆమె వెనక్కి జరిగి, అంచున కూర్చుంది. "నీ చొక్కాకి అంటుకుంటే ఆఫీసులో మాటొస్తది. నేను వెనక కమ్మీ పట్టుకుంటాలే, నువ్వు పోనీ," అంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయనకి అమ్మా అని ఒక్కసారి పిలవాలనిపించింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్క బండి మీద ఆఫీసులో పనిచేసే ఆయన కనబడి చెయ్యి ఊపాడు. ప్రసన్నకుమార్ కూడా చెయ్యి ఊపాడు. ఈలోపు పచ్చలైటు పడింది.

"ఎక్కడ దింపను?" అన్నాడు.

"మార్కెట్టు వెనక మాంసం కొట్లున్నాయి చూడు, అక్కడ దింపు. అక్కడైతే నన్ను ఎవరనీ అడగరు."

దిగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పిల్ల డబ్బాలో పై వరసవేగా పెట్టింది?"

"అవును."

"అదీ. కింది వరసవి ఇయ్యాళే తినెయ్యండి, రేపటికి పులుస్తయ్," అని చెప్పి కొట్ల మధ్యకి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా భుజం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే ఆఫీసుకి వెళ్ళి, పని చేసుకున్నాడు.

ఆ రాత్రి మిగిలిన పొట్లాలు వేడి చేశారు. గిన్నె పొగలు కక్కింది గానీ వాసన రాలేదు. ముగ్గురూ తడి కాగితం నమిలినట్టు నమిలారు. బడిలో ఏం చెప్పావని సునీల అడిగింది.

"మా మమ్మీ ఫోన్లో చూసి చేసిందని చెప్పా," అంది హర్షిణి. "టీచర్ బాగుందంది."

అప్పటినుంచి ఆ ఇంట్లో ఏం వండినా వాసన లేదు. చారు కూడా రావడం మానేసింది. ఇది నియమాలకి విరుద్ధం కాదా అని ప్రసన్నకుమార్ భయపడ్డాడు గానీ, అసోసియేషన్ వారు సంతోషించారు. అసలు వాసనే లేని ఇల్లు ఆదర్శమైన ఇల్లని పార్థసారథి గారు సమావేశంలో అన్నాడు. అద్దె ఒప్పందం అడగకుండానే పొడిగించారు. ప్రసన్నకుమార్‌ని కమిటీలోకి తీసుకుని, కొత్తగా అద్దెకి వచ్చేవారి వాసనలు పరీక్షించే బాధ్యత అప్పగించారు. దాక్కునే వాసనలు ఆయనకైతే బాగా తెలుస్తాయని అందరూ ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. ఆయన వద్దనలేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి గదా.

ఒక సాయంత్రం ఆయనా హర్షిణీ బజారు నుంచి వచ్చి లిఫ్టెక్కారు. లోపల పార్థసారథి గారి భార్య వసుంధర ఉంది. పిల్లని చూసి ముచ్చటగా నవ్వింది.

"ఆ మధ్య ఎవరో ఒకావిడ వచ్చి లైన్లో నుంచుందంటగా, నేను ఊళ్ళో లేను. మీ అంతస్తు మీదుగానే దిగిందంటున్నారు. నువ్వు చూశావా అమ్మాయ్?"

 ప్రసన్నకుమార్ ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాడు. ఈలోపు హర్షిణి అంది.

"చూశానాంటీ. ఎవరింట్లోనో అంట్లు తోమే ఆవిడనుకున్నా."

"అదే అయ్యుంటది," అంది వసుంధర.

ఆ మాట ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. గొంతు వణకలేదు, నేల చూపులు చూడలేదు. వాళ్ళ నాన్న అన్నేళ్ళ అలవాటున్నా రెండుసార్లు అనాల్సి వచ్చిన మాటని, పదేళ్ళ పిల్ల ఒక్కసారికే శుభ్రంగా అనేసింది. ప్రసన్నకుమార్‌కి మొదట కలిగింది నిశ్చింత. ఇక ఈ పిల్లకి ఎక్కడా ఇల్లు దొరకదనే బెంగ లేదు. సిగ్గు ఆ వెనకాలే వచ్చింది, మెడ దాకా వచ్చి నిలిచింది. కానీ అప్పటికే ఆయన చెయ్యి లేచి, కూతురి వీపు మీద మెచ్చుకోలుగా రెండుసార్లు తట్టింది.

లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. ఇద్దరూ దిగి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళారు.